మరొకరి చేతిలో పెరిగిన బండితో రెండున్నరేళ్ళ కాపురం

పొద్దున్నే నా కారు స్టార్ట్ చేయగానే ఇంజిన్ కాస్త పెద్ద గొంతుతో లేస్తుంది. నిమిషానికి పన్నెండు వందల చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర కాసేపు నిలబడి, తర్వాత మెల్లగా ఎనిమిది వందలకు దిగుతుంది. సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను త్వరగా వేడెక్కించడానికి ఇంజిన్ కంప్యూటర్ చేసే ఏర్పాటు అది. ఆ కాసేపట్లో నేను సీటు బెల్టు పెట్టుకుంటాను, అద్దాలు సర్దుకుంటాను, చెవులు రిక్కించి వింటాను. నిన్నటి చప్పుడే వస్తోందా, కొత్తది ఏమైనా చేరిందా అని.

రెండేళ్ళ ఏడు నెలలుగా ఇదే నా పొద్దుటి పని. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క కారే. ఆఫీసుకు పోను 26 కిలోమీటర్లు, రాను 26. కూరగాయలకు వెళ్ళినా, అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా, సెలవుల్లో దూరం పోయినా ఇదే బండి. ఐదు తలుపుల హ్యాచ్‌బ్యాక్, రెండు లీటర్ల టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లో నింపే పరికరం) ఉన్న పెట్రోల్ ఇంజిన్, 220 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. సెకండ్‌హ్యాండ్‌లో నా చేతికి వచ్చేసరికి దాని వయసు ఎనిమిదేళ్ళు, మీటరు మీద 68 వేల కిలోమీటర్లు. ఇప్పుడు లక్షా తొమ్మిది వేలు దాటింది.

ఇలాంటి బండి మీద మనసు పడడానికి కారణం పెద్దదేమీ కాదు. నాకు రెండు కార్లు పెట్టుకునే చోటు లేదు, స్తోమతా లేదు. ఒకే బండి నలుగురినీ కూర్చోబెట్టుకోవాలి, డిక్కీలో సామాను పట్టాలి, ఒంటరిగా ఉన్నప్పుడు మలుపులో ప్రాణం లేచి రావాలి. ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1976లో ఫోక్స్‌వ్యాగన్ మొదటి గోల్ఫ్ జీటీఐని అమ్మకానికి పెట్టినప్పుడు అందులో ఉన్నది 110 హార్స్‌పవర్, బరువు 810 కిలోలు. కంపెనీ మొదట అనుకున్నది 5 వేల బళ్ళు మాత్రమే చేద్దామని. ఇంటి అవసరాలకు వాడే డబ్బా లాంటి కారులో పరుగు కూడా ఉండొచ్చని జనం అంతగా ఇష్టపడతారని వాళ్ళే ఊహించలేదు. నేనూ ఆ జనంలో ఒకణ్ణి.

కొనే ముందు మూడు బళ్ళు చూశాను. మొదటిది అద్దంలా మెరిసిపోతోంది. అప్పటికే ఒక పెయింట్ గేజ్ అరువు తెచ్చుకున్నాను. రేకు మీద ఆనిస్తే రంగు ఎంత మందంగా ఉందో మైక్రాన్లలో చూపించే చిన్న పరికరం అది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100, 150 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ బండి చుట్టూ అలాగే చూపించింది. కుడి వైపు వెనక చక్రం పైభాగానికి వచ్చేసరికి 700 దాటింది. రంగు కింద పుట్టీ ఉందన్నమాట. దెబ్బ తగలడం పాపం కాదు. కానీ అమ్మేవాళ్ళు "గీత కూడా పడలేదు" అన్నాక ఆ సంఖ్య చూసిన నాకు మిగతా మాటల మీదా నమ్మకం పోయింది.

రెండో బండితో నేర్చుకున్నది ఇంకా పనికొచ్చింది. డ్యాష్‌బోర్డులో ఒక్క వార్నింగ్ లైటూ లేదు. స్టీరింగ్ కింద, బండి కంప్యూటర్‌ను చదవడానికి ఉండే ఓబీడీ పోర్టుకు నా చిన్న స్కానర్ తగిలించాను. లోపాల కోడ్లు సున్నా. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆ బండి కొనేసేవాణ్ణే. స్కానర్‌లోనే 'రెడీనెస్ మానిటర్లు' అని ఇంకో పేజీ ఉంటుంది. ఇంజిన్ కంప్యూటర్ తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో అందులో కనిపిస్తుంది. అందులో సగానికి పైగా 'పూర్తి కాలేదు' అని ఉంది. ఎవరో ఈ మధ్యే కోడ్లు చెరిపేసినా, బ్యాటరీ వైరు తీసినా అలా వస్తుంది. అడిగితే బ్యాటరీ మార్చామన్నారు. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ మీద ఏళ్ళ నాటి దుమ్ము గడ్డకట్టి ఉంది. దండం పెట్టి వచ్చేశాను.

మూడోదే నాది. చూడడానికి మూడింటిలో పాతగా కనిపించింది అదే. ముందు బంపరు మీద, బానెట్ అంచున రాళ్ళు తగిలిన చుక్కలు బోలెడు. కానీ ఆ చుక్కలు నాకు ధైర్యం ఇచ్చాయి. 68 వేల కిలోమీటర్లు తిరిగిన బండి ముక్కు అలాగే ఉండాలి. నున్నగా ఉంటే రంగు ఎందుకు వేయాల్సి వచ్చిందో అడగాలి. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్‌లో చెప్పాను. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. చల్లటి ఇంజిన్ అబద్ధం చెప్పదు. మొదటి పది సెకన్లలో ఇంజిన్ లోపలి గొలుసు మోత, పొగ, వణుకు ఏది ఉన్నా బయటపడుతుంది. వేడెక్కాక సగం జబ్బులు దాక్కుంటాయి.

నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు టైరు పుట్టిన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగింటిదీ దగ్గర దగ్గర తేదీలే. ఎక్కడ కక్కుర్తి పడాలన్నా ముందు టైర్ల దగ్గరే పడతారు కాబట్టి, అక్కడ కక్కుర్తి పడని మనిషి ఇంజిన్ నూనె దగ్గరా పడి ఉండడని నా లెక్క. నాలుగో గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో ఖాళీ రోడ్డు మీద పూర్తిగా తొక్కి చూశాను. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా పైకెగిరి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. అలా ఏమీ లేదు. ఇంజిన్‌లో గొట్టాల క్లిప్పులన్నీ కంపెనీవే, ఎవరూ కెలికిన గుర్తులు లేవు. సైలెన్సరు కూడా మొదటిదే. దీని గురించి నాది గట్టి అభిప్రాయం: రోజూ నడపడానికి కొనేవాళ్ళు మార్పులు చేసిన బండి జోలికి పోకూడదు. కంప్యూటర్‌లో పవర్ పెంచిన బండికి ఆ పెంపు తీసేసినా, పెంచినన్నాళ్ళూ క్లచ్, టర్బో మోసిన బరువు ఎక్కడికీ పోదు.

అన్నిటికన్నా నన్ను కొనిపించింది ఒక ఫైలు. అట్ట చిరిగిపోయిన మామూలు ఆఫీసు ఫైలు. ఎనిమిదేళ్ళ బిల్లులు తేదీల వరసలో గుచ్చి ఉన్నాయి. ప్రతి బిల్లు పైన పెన్సిలుతో చిన్న అక్షరాల్లో కిలోమీటర్లు, ఒక ముక్క. 'ఆయిల్, ఫిల్టరు. ఎడమ కిటికీ రబ్బరు కిర్రుమంటోంది.' 'ముందు బ్రేకు ప్యాడ్లు. మొదటి రెండు రోజులు మోత, తర్వాత సర్దుకుంది.' ఆ రాతలు రాసిన పాత యజమాని బండి అమ్ముతున్నప్పుడు తాళంచెవి ఇచ్చాక కూడా రెండు నిమిషాలు అక్కడే నిలబడ్డారు. "చల్లగా ఉన్నప్పుడు మాత్రం గట్టిగా తొక్కకండి" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

ఇంత చూసుకున్నా నా కన్నుగప్పింది ఒకటి ఉంది. కొన్న మూడో వారంలో వాన తడి మీద వెనక భాగం కాస్త తేలినట్టు అనిపించింది. మా మెకానిక్ బండిని ర్యాంపు మీదికి ఎత్తి నన్ను కిందికి రమ్మన్నారు. "కళ్ళతో కాదు తమ్ముడూ, చెయ్యి పెట్టి లోపలి అంచు తడిమి చూడు" అన్నారు. బయటి నుంచి చూస్తే వెనక టైర్ల గాడుల లోతు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంది. లోపలి అంచున మాత్రం నున్నగా అరిగి, ఒకచోట టైరు లోపలి దారాలు వేలికి తగిలాయి. నిలబడి చూసేవాళ్ళకు ఆ వైపు ఎప్పుడూ కనపడదు.

"ఇలాంటి బళ్ళకు చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటుంది. మలుపులో పట్టు కోసం కంపెనీవాళ్ళే అలా పెడతారు. దానివల్ల లోపలి అంచు కొంచెం ముందుగానే అరుగుతుంది. కానీ ఇంతలా తినేసింది వాలు కాదు, టో," అన్నారాయన. చక్రాలు రెండూ సూటిగా ముందుకు చూడకుండా కొద్దిగా అటూ ఇటూ తిరిగి ఉండడమే టో. నడిచే ప్రతి కిలోమీటరూ టైరును పక్కకు ఈడుస్తూ పోతుంది. వెనక సస్పెన్షన్‌లో, కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు బుష్‌లు రెండు వదులై ఆ కోణం తప్పింది. బుష్‌లు మార్చి, నాలుగు చక్రాలకూ అలైన్‌మెంట్ చేయించాం. అప్పటినుంచి నెలకోసారి టైరు లోపలి అంచు చేత్తో తడమడం నాకు అలవాటైంది.

టైర్లు ఎలాగూ మార్చాలి కాబట్టి అప్పుడే ఇంకో నిర్ణయం తీసుకున్నాను. ఈ రెండున్నరేళ్ళలో ఈ బండికి నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే. బండితో వచ్చినవి 225/40 ఆర్18 టైర్లు. అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు, చక్రం 18 అంగుళాలు. రోడ్డులో గుంత వస్తే చక్రానికీ గుంత అంచుకూ మధ్య ఉన్న మెత్తదనం ఆ 90 మిల్లీమీటర్లే. అదే మోడల్‌లో కింది రకానికి కంపెనీయే 225/45 ఆర్17 ఇచ్చింది. గోడ 101 మిల్లీమీటర్లు. మొత్తం చక్రం ఎత్తు 637 బదులు 634, కాబట్టి స్పీడోమీటరు లెక్కలో అర శాతం తేడా కూడా రాదు. బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే ముందు కాలిపర్‌కు 17 అంగుళాల రిమ్ము తగులుతుందేమోనని ఒక రిమ్ము బిగించి, చేత్తో తిప్పి చూసుకుని మరీ తీసుకున్నాం. బీమావాళ్ళకూ సైజు మారిందని రాతపూర్వకంగా చెప్పాను.

పదకొండు మిల్లీమీటర్లు అంటే చిటికెన వేలి మందం. కానీ ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే బండి మారిపోయింది. గతుకుల్లో 'ఠప్' మనే చోట 'ధబ్' మంది. నడుముకు తగిలే దెబ్బ గుండ్రంగా మారింది. 18 అంగుళాల చక్రాలతో స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే ముక్కు తిరిగేది, ఇప్పుడు ఒక్క లిప్త ఆలస్యం. ఆ లిప్త నాకు తెలుస్తుంది, మొదటి వారం కొంచెం లోటుగానే ఉంది. కానీ బండి నేల మీద గెంతకుండా ఆనుకుని పోవడం మొదలయ్యాక, గతుకులున్న మలుపుల్లో నిజానికి ఇంతకుముందుకన్నా నమ్మకంగా వెళ్తున్నాను. చూపులకు 18 అందం. రోజూ నడిపేవాళ్ళు ఆ అందాన్ని వదులుకోవడానికి వెనకాడొద్దని చెప్తాను.

రోజువారీ సంగతికి వస్తే, చల్లగా ఉన్నప్పుడు గట్టిగా తొక్కొద్దని పాత యజమాని చెప్పిన ఆ ఒక్క మాట మీదే నా డ్రైవింగ్ అంతా నిలబడి ఉంది. డ్యాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు నాలుగైదు నిమిషాల్లో మధ్యకు వచ్చేస్తుంది. అది నీటి వేడి. నూనె వేడెక్కడానికి అంతకు రెండింతలు, మూడింతల సమయం పడుతుంది. నా బండిలో నూనె వేడి అంకెల్లో చూపిస్తుంది. అది 80 డిగ్రీలు చేరేదాకా 2,500 ఆర్‌పీఎం దాటను. ఆఫీసు దారిలో మొదటి ఏడెనిమిది కిలోమీటర్లు అలా గడిచిపోతాయి. గట్టిగా తొక్కి వచ్చిన రోజున ఆఖరి రెండు కిలోమీటర్లు నింపాదిగా నడుపుతాను. ఎర్రగా కాలిన టర్బో చుట్టూ నూనె ఆగిపోతే అక్కడికక్కడ మాడి బొగ్గు కడుతుంది. నెమ్మదిగా వస్తే దారిలోనే చల్లారుతుంది, ఇంటి ముందు నిలబెట్టి ఆన్‌లో ఉంచే పనే ఉండదు.

చాలామందికి తెలియనిది దీనికి వ్యతిరేకం. బండిని మరీ తక్కువ ఆర్‌పీఎంలో, పెద్ద గేరులో పెట్టి గట్టిగా తొక్కడం ఇలాంటి ఇంజిన్‌కు ఎక్కువ చేటు. పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లలో, ఆరో గేరులో 1,500 దగ్గర పెడల్ నేలకు ఆనిస్తే, ప్లగ్ వెలగకముందే మిశ్రమం దానంతట అదే అంటుకునే ప్రమాదం ఉంది. పిస్టన్లు పగిలిపోయేంత ఒత్తిడి పుడుతుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2020లో తెచ్చిన 'ఎస్‌పీ' గ్రేడు నూనెలకు ఈ జబ్బును ఆపే పరీక్ష కూడా ఉంది. నేను కంపెనీ చెప్పిన 5డబ్ల్యూ-30 చిక్కదనంలోనే ఆ గ్రేడుది పోస్తాను. పుస్తకంలో 15 వేల కిలోమీటర్లకు మార్చమని ఉంటే 8 వేలకే మారుస్తాను. ఓవర్‌టేక్ చేయాలంటే ముందు రెండు గేర్లు దించుతాను. మాన్యువల్ గేరు వల్ల ఉన్న సుఖం కూడా అదే, నిర్ణయం నా చేతిలో ఉంటుంది.

మైలేజీ గురించి అందరూ అడుగుతారు. ఆఫీసు దారిలో లీటరుకు 11, హైవే మీద 14 కాస్త పైన. ఆక్టేన్ (పెట్రోలు ముందే అంటుకోకుండా తట్టుకునే శక్తి) 95 కన్నా తక్కువైతే పోయను. తక్కువ ఆక్టేన్ పోసినా, ఇంజిన్‌లో అలాంటి దెబ్బలను పసిగట్టే నాక్ సెన్సరు ఇంజిన్‌ను కాపాడుకుంటుంది. కాకపోతే స్పార్కు సమయాన్ని వెనక్కి జరిపి కాపాడుతుంది, పవరూ మైలేజీ రెండూ కొంచెం కొంచెం పోతాయి.

ట్రాఫిక్‌లో ఈ బండి కష్టమే. క్లచ్ బరువు, ఎడమ మోకాలు సాయంత్రానికి తెలుస్తుంది. ముందు బంపరు కింది అంచుకూ నేలకూ మధ్య ఎత్తు టేపు పెట్టి కొలిచాను, 118 మిల్లీమీటర్లు. స్పీడ్ బ్రేకరు కనపడితే ముందే గేరు దించి, మనిషి నడక కన్నా నెమ్మదిగా ఎక్కుతాను. బేస్‌మెంట్ ర్యాంపుల దగ్గర వాలు మొదలయ్యే చోట ఏటవాలుగా దిగుతాను. కొత్త చోటికి పోతే ముందు దిగి ఒకసారి చూసి వస్తాను. దీన్ని నేను కష్టంగా అనుకోవడం మానేశాను. ఒళ్ళో పసిపిల్లను పెట్టుకున్నప్పుడు మెట్లు చూసుకుని దిగమా, అలాంటిదే.

అమ్మ సంగతి వేరు. సీటు కిందికి ఉంటుంది, పక్కన దిండులా లేచిన అంచు ఉంటుంది. మొదటిసారి ఎక్కినప్పుడు ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. "ఇది కారా నాయనా, గొయ్యా?" అంది. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. ఈ బండి నా ఒక్కడి కోరిక, కష్టం ఆవిడది అయ్యింది. సీటును ఎంత ఎత్తుకు లేపొచ్చో అంత లేపి, వెనక్కి పూర్తిగా జరిపి, ముందు పక్కకు తిరిగి కూర్చుని తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పమని నేర్పాను. దిగేటప్పుడు నేను అటు వెళ్ళి చెయ్యి అందిస్తాను. ఇప్పుడు అలవాటు పడింది. కూర్చున్నాక ఆ సీటే నడుముకు బాగుందంటుంది. కానీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు బండి కొనే ముందు వాళ్ళను ఒక్కసారి ఎక్కించి దించి చూడండి. నేను చూడలేదు.

సంవత్సరంన్నర తర్వాత ఒక తడి పొద్దున, చిన్న ఎత్తు ఎక్కుతుంటే బండి ఒక్కసారిగా కుంటింది. ఇంజిన్ లైటు వెలిగి మినుకుమినుకుమంది. వెలిగి నిలబడితే బండిని షెడ్డు దాకా తీసుకుపోవచ్చు. మినుకుమంటే మాత్రం అప్పుడే నెమ్మదించాలి. కాలని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని, దాన్ని కాల్చేస్తుందని ఆ మినుకు చెప్తుంది. పక్కకు ఆపి స్కానర్ పెట్టాను. పీ0302. రెండో సిలిండరు మిస్ అవుతోంది.

కారణం ప్లగ్ కావచ్చు, దాని నెత్తి మీద ఉండే ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ఇంజెక్టరు కావచ్చు, ఇంకా లోతైనదీ కావచ్చు. ఇక్కడే ఇంటి దగ్గర చేసుకోగలిగిన ఒక పరీక్ష ఉంది. ఇంజిన్ చల్లారాక రెండో సిలిండరు కాయిల్ తీసి మూడో దానికి, మూడోది రెండో దానికి పెట్టాను. కోడు చెరిపి, మళ్ళీ అదే ఎత్తు ఎక్కించాను. ఈసారి పీ0303 వచ్చింది. జబ్బు కాయిల్‌తో పాటే నడిచి వెళ్ళింది, కాబట్టి కాయిలే దొంగ. ఆ క్షణం ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తాళం వేసిన ఇంట్లోంచి వచ్చే చప్పుడు ఏమిటో తెలిసినట్టు.

కొత్త కాయిల్ వేసి, ప్లగ్గులు నాలుగూ మార్చాను. పాత ప్లగ్గుల మధ్య ఖాళీ అరిగి వెడల్పయ్యింది. టర్బో గాలిని ఒత్తి నింపుతున్నప్పుడు ఆ ఖాళీని దూకడానికి స్పార్కుకు ఎక్కువ ఓల్టేజీ కావాలి. అందుకే నిలబడి ఉన్నప్పుడు బాగానే ఉన్న బండి ఎత్తు ఎక్కేటప్పుడు కుంటుతుంది. ఖాళీ పెరిగిన ప్లగ్గు కాయిల్‌ను కూడా చంపుతుంది. డిక్కీలో ఇప్పుడు ఒక కాయిల్ అదనంగా ఉంటుంది, అరచేతిలో పట్టేంత వస్తువు.

దాని తర్వాత వచ్చిన చిక్కు మనసును ఎక్కువ బాధపెట్టింది. గట్టిగా తొక్కితే 'స్స్' అని ఈల, పవరు సగం. మా మెకానిక్ ఊళ్ళో లేరు. వేరే ఒక షెడ్డుకు తీసుకెళ్ళాను. బానెట్ ఎత్తి ఒక్క నిమిషం విని, "టర్బో పోయింది, మార్చాల్సిందే" అన్నారు. ఏ పరీక్షా చేయలేదు. వాళ్ళు చెప్పిన మొత్తం విని ఆ రాత్రి బండి అమ్మేద్దామనే అనుకున్నాను. నిద్ర పట్టక ఆ పాత ఫైలు తీసి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. 51 వేల కిలోమీటర్ల బిల్లు మీద పెన్సిలు రాత: 'టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే గొట్టం క్లిప్పు మార్చాం. ఈల పోయింది. గొట్టం కూడా ముదిరింది, ముందు ముందు చూడాలి.'

ఇంటర్‌కూలర్ అంటే టర్బో ఒత్తిన వేడి గాలిని చల్లార్చేది. మా మెకానిక్ వచ్చాక ఆ కాగితం చూపించాను. ఆయన గాలి వెళ్ళే దారిలోకి పొగ వదిలారు. అరనిమిషంలో ఆ గొట్టం వంపు దగ్గర, పైనుంచి కనపడని చోట, సన్నటి దారంలా పొగ లేచింది. రబ్బరు చీలింది. టర్బో ఒత్తిన గాలి ఇంజిన్‌కు చేరకుండా అక్కడే ఈల వేసుకుంటూ పోతోంది. గొట్టం మార్చాక టర్బో ఈ రోజుకీ అదే. ఏ పెద్ద భాగం మార్చమన్నా ముందు ఏ పరీక్ష చేసి చెప్తున్నారో అడగండి. పరీక్ష పేరు చెప్పలేని చోట బండి ఉంచొద్దు.

మిగతావి త్వరగా చెప్తాను. కొన్న వెంటనే బ్రేకు ఆయిల్ మార్పించాను, ఎందుకంటే ఫైలులో దాని ఊసు మూడేళ్ళుగా లేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకు తక్కువ మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక 155 దాకా దిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగుతూ మరిగితే పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. రెండేళ్ళకోసారి మార్చడం తప్పదు. 88 వేల దగ్గర, నిలబడి ఉన్న బండిలో ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు సన్నటి వణుకు వస్తే గాలి లోపలికి పోయే ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకున్న మసి గీకించాం. పెట్రోలు వాల్వుల మీదుగా పోదు కాబట్టి వాటిని కడిగేది ఏదీ ఉండదు. అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు. 97 వేల దగ్గర ఐదో గేరులో ఎత్తు ఎక్కుతుంటే ఆర్‌పీఎం ముల్లు పైకి జారింది, క్లచ్ అయిపోయింది. గేర్‌బాక్స్ దించే కూలీయే ఎక్కువ కాబట్టి క్లచ్ ఆనుకునే చక్రం, ఫ్లైవీలు కూడా అప్పుడే మార్చేశాం.

ఇన్ని చెప్పాక, పవరు సంగతి ఏమిటని అడుగుతారు. 220 హార్స్‌పవర్‌ను పూర్తిగా వాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను రోజూ వాడేది స్టీరింగ్, సీటు, బ్రేకు పెడల్, టైర్లు. కొనేటప్పుడు నేను తక్కువ ఆలోచించినవి అవే. నా దారిలో ఒక పొడవాటి మలుపు ఉంది. చెరువు గట్టు వెంబడి కుడికి తిరుగుతూ, చివర కొంచెం బిగుసుకుంటుంది. మూడో గేరు, గంటకు 60, అక్కడ అనుమతించిన వేగమే. మలుపు బిగుసుకునే చోట స్టీరింగ్ చేతిలో కొంచెం బరువెక్కుతుంది, బయటి వైపు టైర్లు రోడ్డును పట్టుకున్నట్టు అరచేతికి తెలుస్తుంది, వెనక భాగం కూడా తిరగడానికి సాయపడుతుంది. పన్నెండు సెకన్లు ఉంటుందేమో. ఇంతకుముందు నేను నడిపిన కారులో ఇదే మలుపు, ఇదే వేగం. అప్పుడు అక్కడ ఒక మలుపు ఉందన్న సంగతే నాకు తెలియదు.

పోయిన నెల ముందు ఎడమ వైపు చిన్న గతుకుల్లో 'టక్ టక్' అని మొదలైంది. రెండు పొద్దుటి పూటలు కిటికీ దించి గోడ పక్కగా నడిపి విన్నాను. స్పీడ్ బ్రేకరు మీద రావట్లేదు, ఒక చక్రం మాత్రమే గతుకులో పడితేనే వస్తోంది. అంటే, మలుపులో బండి వాలకుండా ఆపే కడ్డీని చక్రం వైపు కలిపే స్టెబిలైజర్ లింక్ రాడ్. మెకానిక్ దాన్ని చేత్తో ఊపగానే లొటలొటలాడింది. గంటలో పని అయిపోయింది. రాత్రి ఇంటికి వచ్చి ఆ చిరిగిన అట్టకు కొత్త టేపు వేసి, బిల్లు గుచ్చి, పైన పెన్సిలుతో రాశాను: '1,09,240. ముందు ఎడమ లింక్ రాడ్. టక్ టక్ పోయింది. కుడిది ఇంకా గట్టిగానే ఉంది, ముందు ముందు చూడాలి.'